తోట ఆయనది, పాట్లు మనవి

ఈ మధ్య యాభై దాటిన మగవాళ్ళకి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. షుగరో, బి.పి.యో అయితే పొద్దునో మాత్ర, రాత్రికో మాత్ర వేసుకుని ఊరుకుంటారు. దీనికి మాత్రల్లేవు. దీని పేరు తోట.

లక్షణాలు చెబుతాను, మీ ఇంట్లో ఉందేమో చూసుకోండి. ఆదివారం పొద్దున్నే పేపరు తీస్తారు. అందులో ఒక ప్రకటన. పాతకాలపు మామిడి తోట, మధ్యలో జమీందార్ల నాటి బంగళా, చుట్టూ కొండలు, తిరుపతికి అరగంట, చెన్నై సముద్రానికి మూడు గంటలు. ఇక ఆ పూట ఇడ్లీ చల్లారిపోయినా ఆయనకి తెలియదు. "ఏమే, నీకు ప్రశాంతంగా బతకాలని లేదూ?" అంటారు. మీరు పోపు మాడకుండా చూసుకుంటూ "ఉందండీ" అంటారు. అంతే, మీ ఒప్పుదల దొరికేసింది! సాయంత్రానికి మీ గాజుల బరువెంతో కనుక్కుంటారు.

ఈ జబ్బు మన వైపే ఇంత ముదరటానికి కారణం లేకపోలేదు. చెన్నైలో సముద్రపు ఒడ్డున నాలుగు సెంట్లు కొనాలన్నా మామూలు సంసారికి సాధ్యం కాదు. ఆ ఉప్పుగాలికీ ఉక్కపోతకీ విసిగినవాళ్ళు కారెక్కి నగరి, పుత్తూరు మీదుగా ఇటు వస్తున్నారు. మన తిరుపతి, చిత్తూరు ఉద్యోగస్తులు వాళ్ళని చూసి ఉడుక్కుని, వాళ్ళకంటే ముందే బయానా ఇవ్వాలని పరుగెడుతున్నారు. పైగా 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, తడ వైపు కూడా కలవటంతో మనకీ ఒక సముద్రం వచ్చింది. ఇక అడగాలా! కొండ కావాలంటే కొండ, కడలి కావాలంటే కడలి.

సరే, ఆ బంగళా సంగతి చూద్దాం. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు, కంగుంది అని మన వైపు జమీందారీలు చాలా ఉండేవి. ఆ కాలపు ఇంటి వరండాలో పడక్కుర్చీ వేసుకుని దొరగారు ప్రశాంతంగా కూర్చున్నారంటే ఆ ప్రశాంతత మామిడి చెట్టు మీంచి రాలిపడింది కాదమ్మా. వెనకాల పంకా లాగేవాడు ఒకడు, బావి నుంచి నీళ్ళు మోసే ఆడది ఒకతె, వంటింట్లో పొగలో కళ్ళు తుడుచుకునేవాళ్ళు నలుగురు, ఎండలో చెట్లకి పాదులు చేసేవాళ్ళు పదిమంది ఉండబట్టి వచ్చింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. పంకా లాగేవాడూ పోయాడు. పోనివ్వండి, పోవలసిందే. కాని ఆ పడక్కుర్చీ మీద మోజు మాత్రం పోలేదు. మన మగవాళ్ళు కొంటున్నది తోట కాదు, ఆ కుర్చీ. మరి వెనకాల పంకా లాగేది ఎవరయ్యా అని అడగండి. తల గోక్కుని మన వైపే చూస్తారు.

ఇదీ నా ఫిర్యాదు. పాత తోట కొనటం తప్పని నేననటం లేదు. తోటంటే పని. ఆ పని చేసేదెవరో, పట్టాలో పేరెవరిదో తేల్చకుండా కొనటమే తప్పంటున్నాను.

ప్రశాంతత అంటారు గదా, దాని లెక్క చూడండి. శుక్రవారం రాత్రే పిండి రుబ్బి డబ్బాలకెత్తాలి. ఊరగాయ, పప్పు, ఉప్పు, దోమల మందు, దుప్పట్లు అన్నీ మూట కట్టాలి. శనివారం వెళ్ళేసరికి వారం రోజుల దుమ్ము, బల్లులు, స్నానాల గదిలో తేలు. ఊడ్చి, కడిగి, పొయ్యి వెలిగించేసరికి మధ్యాహ్నం. అప్పటికి ఆయన స్నేహితులు దిగుతారు. వాళ్ళకి అచ్చమైన పల్లెటూరి భోజనం కావాలి. రాగి సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు. సంగటి తినేవాడికి ముద్ద కనిపిస్తుంది, కెలికేదాని రెక్క నొప్పి కనిపించదు. ఆదివారం సాయంత్రం మళ్ళీ మూటలు. సోమవారం ఉతకటం. ఆయనకి విశ్రాంతి తీసుకోవటానికి ఇంకో ఇల్లు దొరికింది. మీకు చాకిరీ చెయ్యటానికి ఇంకో వంటిల్లు దొరికింది.

"పనిమనిషిని పెట్టుకుందాం" అంటారు. పెట్టుకోండి. పెట్టుకున్న మనిషితో పని చేయించటం కూడా పనేనని ఏ మగవాడూ లెక్కలో వెయ్యడు.

రెండో మాట, "మన చెట్టు పండు మనం తింటాం." వినటానికి ఎంత బాగుందో! అయ్యా, పది చెట్ల పండు తింటారు. మిగతా రెండు వందల చెట్ల పండు ఏం చేస్తారు? మన జిల్లాలో తోటల్లో ఎక్కువ భాగం తోతాపురి. అది ఇంట్లో కోసుకు తినే కాయ కంటే గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయే ఎక్కువ. 2025 వేసవిలో ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. ధర పడిపోయింది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని, మొత్తం 12 రూపాయలని చెప్పారు. ఆ 8 కూడా చేతికి రాక రైతులు గోలపెట్టారు. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కాయ మెత్తబడిపోతుంటే రోడ్డు పక్కన పారబోసినవాళ్ళూ ఉన్నారు. తాతల నాటి నుంచి మామిడి తోటే బతుకైన రైతుకే ఆ గతి పట్టింది. తేనెమంచు పురుగుకీ బూడిద తెగులుకీ తేడా తెలియని మన రిటైర్డు శ్రీవారు అక్కడికెళ్ళి లాభాలు తీస్తారట!

చెట్టు ఈ ఏడాది విరగకాస్తే వచ్చే ఏడాది మొహం చాటేస్తుంది. పూత మీద ఒక్క మబ్బు పట్టిందంటే సగం పోతుంది. అవన్నీ బ్యాంకు వడ్డీ లెక్కల్లోకి రావు.

ఇక నీళ్ళు. మన వైపు ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి చూపించండి. స్వర్ణముఖి అని పేరు పెట్టుకున్నాం, ఎక్కువ నెలలు ఇసకే. పాత తోటలకి పాత బావులుండేవి. కపిలతో తోడిన బావులు. ఇప్పుడవి ముళ్ళకంపకి, పావురాలకి. వెయ్యి అడుగులు బోరు దింపినా దుమ్ము లేచిన ఊళ్ళున్నాయి. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరు వెయ్యాలంటే అనుమతి కావాలి. నీళ్ళు ఒకరి సొత్తు కాదని ఆ చట్టం ఉద్దేశం. అలాంటి చోట వారానికి రెండు రోజులుండే ఇంటికి పచ్చిక తివాచీ, ఈతకొలను! పక్క కయ్యలో రెండావులకి పచ్చిమేత పెంచుకుని, ఆ పాల డబ్బులతో పిల్లల్ని చదివించుకునే ఆడమనిషి బోరు మీరు నాలుగు వందల అడుగుల లోతుకు దిగి ఎండగట్టారంటే, ఆ ప్రశాంతత మీకు అరుగుతుందా? సముద్రం వైపు పోదామంటారా, పులికాట్ చుట్టుపక్కల ఉప్పు సంగతి ముందు విచారించుకోండి. సముద్రం చూడటానికి బాగుంటుంది గాని తులసికోటలో పొయ్యటానికి పనికిరాదు.

"అయితే పాత తోటలు కొని బాగుపడ్డవాళ్ళే లేరా?" అని ఆయన అడుగుతారు. ఉన్నారు. నేను చెబుతాను, విననివ్వండి.

1882లో కర్నల్ ఆల్కాట్, మేడమ్ బ్లావట్స్కీ మద్రాసు శివార్లలో, అడయారు నది సముద్రంలో కలిసే చోట, హడిల్‌స్టన్ గార్డెన్స్ అనే పాత తోట బంగళా కొన్నారు. అప్పటికి ఇరవైయేడు ఎకరాలు. సముద్రపు ఊరి పక్కన చరిత్ర ఉన్న తోట కొనటమంటే సరిగ్గా ఇదే. కాని వాళ్ళు కొన్నది పడక్కుర్చీ కోసం కాదు, దివ్యజ్ఞాన సమాజం కోసం. పేరు సమాజానిది, పని అందరిదీ. 1885లో ఆవిడ దేశం విడిచి వెళ్ళిపోయింది. తోట మాత్రం బీడు పడలేదు. 1886లో అక్కడ గ్రంథాలయం పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తల్లి సంజీవమ్మ పోయిన నాలుగేళ్ళకి, 1909లో, తండ్రి వెంట ఆ తోటకే చేరాడు.

మనకి కావలసిన కబురు ఇంకోటి ఉంది. 1917లో ఆ తోటలోనే విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. పుట్టించినవాళ్ళలో ఒకరు మార్గరెట్ కజిన్స్. ఆవిడ మదనపల్లె కాలేజీ వాతావరణంలో ఉన్న మనిషి. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన వరసని స్వరాలు కట్టి రాసుకున్నది ఆవిడే. మదనపల్లె ఆడవాళ్ళు అప్పటికే అబలాభివర్ధనీ సమాజం అని ఒకటి పెట్టుకున్నారు. పేరులో అబల ఉంటే ఉండనివ్వండి, చేసిన పని బలమైనది.

ఆ తరువాత కృష్ణమూర్తి వాళ్ళు 1920ల్లో మదనపల్లె దగ్గర ఒక లోయలో భూమి కొన్నారు. అదే రిషివ్యాలీ. వానలు అంతంతమాత్రం, చుట్టూ బండరాళ్ళు. అక్కడ చెట్లు నాటారు, వాననీటికి అడ్డుకట్టలు కట్టారు, బడి పెట్టారు, చుట్టుపక్కల పల్లెల పిల్లలకి కూడా చదువు చెప్పారు. అది వారానికోసారి వచ్చిపోయే చోటు కాదు. ఉన్నవాళ్ళు ఏడాదంతా ఉన్నారు.

తేడా ఎక్కడుందో చూశారా? వాళ్ళు తోట కొనకముందే అక్కడ చెయ్యవలసిన పని ఏమిటో అనుకున్నారు. మనవాళ్ళు బంగళాకి రంగు ఏది వెయ్యాలో అనుకుంటున్నారు.

పని సంగతి అయింది, ఇప్పుడు పేరు సంగతి. మదనపల్లెకి దగ్గర్లో హార్స్‌లీ హిల్స్ ఉంది. వేసవిలో మీరంతా వెళ్ళే ఉంటారు. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ దొర అక్కడ చల్లదనానికి ఇల్లు కట్టుకున్నాడు. అంతకు ముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన ఆడపిల్ల అని కథ. మల్లమ్మ పోయి హార్స్‌లీ మిగిలాడు. బంగళా కట్టినవాడి పేరు కొండకే అంటుకుంది. మీ తోట గేటు మీద "ఫలానావారి నిలయం" అని రాయించేటప్పుడు ఈ మల్లమ్మని ఒక్కసారి తలుచుకోండి.

పేరులో ఏముందండీ అనకండి. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. బ్రిటిషు పాలన కిందున్న రాష్ట్రాల్లో అదే మొదటిది. మన చిత్తూరు జిల్లా అప్పుడు అందులోదే. కాని ఎవరికి వచ్చింది? ఆస్తి అర్హత ఉన్నవాళ్ళకే. పొలమంతా తన చేతుల మీద నడిచినా పట్టాలో పేరు లేని ఇల్లాలు ఇంట్లోనే కూర్చుంది. అడయారులో పోరాడి తెచ్చిన హక్కు కూడా ఆస్తి కాగితం దగ్గరికొచ్చి ఆగిపోయింది.

ఆ రోజులు పోయాయి, నిజమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షను ప్రకారం ఆడమనిషి పేర ఉన్న ఆస్తి పూర్తిగా ఆమెదే. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతా కూతుళ్ళందరికీ వచ్చింది. చాలా సంతోషం. అయితే అది కూతురి హక్కు. భార్య సంగతి వేరు. భర్త తన పేర కొన్న తోటలో, ఆయన బతికున్నంత కాలం భార్యకి గుంట భూమి కూడా హక్కు లేదు. ఆ తరువాత కూడా, ఆయన వీలునామా రాయకుండా పోతేనే, పిల్లలతోనూ అత్తగారితోనూ సమానంగా ఒక వాటా వస్తుంది. వీలునామా ఇంకెవరికో రాశారా, అంతే సంగతులు.

ఇప్పుడు లెక్క కట్టండి. బయానాకి మీ గాజులు. రిజిస్ట్రేషనుకి మీ నాన్నగారిచ్చిన స్థలం అమ్మిన డబ్బు. చాకిరీ మీది. పట్టాదారు పాసుపుస్తకంలో ఫోటో మాత్రం ఆయనది! గట్టిగా అడిగితే "నీ పేర కొంటే బినామీ అంటారే" అని బెదిరిస్తారు. బెదరకండి. తెలిసిన రాబడితో భార్య పేర కొనటం బినామీ కాదని ఆ చట్టమే చెబుతోంది. "మన మధ్య నీది నాది ఏమిటే?" అని మెత్తగా కూడా అంటారు. అదే మాట నవ్వుతూ మీరూ అనండి. "ఏమీ లేదు గదండీ, అయితే నా పేరే రాయించండి."

ఇంకొక్క ముచ్చట, ఇది మన ఇంటి గడప దాటిన సంగతి. ఆ పాత తోట ఖాళీగా ఉందనుకుంటున్నారా? కాదు. ఎవరో ఒకరు గుత్తకి చేస్తూ ఉంటారు. చెట్ల మధ్య చెనిక్కాయలో, ఉలవలో వేసుకుంటారు. ఒక మూల గుడిసె, గుడిసె ముందు ఆవు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ కౌలుదారుకి కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోలు కావాలి. పాత యజమాని భయపడి సంతకం పెట్టలేదు. కొత్త యజమాని రాగానే ముళ్ళకంచె వేసి వాళ్ళని పొమ్మంటాడు. ఆయన ప్రశాంతత కోసం ఒక ఆడది పొయ్యి ఎత్తుకుని పోవలసివస్తుంది.

అసలు అమ్మేవాడికి అమ్మే హక్కుందా? మన వైపు డీకేటీ పట్టాలని పేదలకిచ్చిన భూములు బోలెడు. వాటి అమ్మకం చెల్లకుండా 1977లోనే చట్టం వచ్చింది. ఇచ్చి ఇరవయ్యేళ్ళు దాటినవాటికి 2023లో సడలింపు ఇచ్చారు. అది అందరికీ, అన్నిటికీ కాదు. మఠాల మాన్యాలున్నాయి, దేవుడి మాన్యాలున్నాయి, రిజిస్ట్రేషను చెయ్యకూడని 22-ఎ జాబితా ఒకటుంది. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. పత్రికల్లో చదివాం గదా! కాగితం అంత గొప్ప చోటే భద్రంగా లేనప్పుడు, మధ్యవర్తి చేతిలో జిరాక్సు చూసి గాజులు తీసి ఇస్తామా? పేదవాడి భూమి మీద కట్టిన బంగళాలో తిన్న పండు తియ్యగా ఉండదమ్మా, పాపం సంగతి అటుంచి, కోర్టు వాయిదాల సంగతైనా చూసుకోండి.

కాబట్టి నా మాట ఇది. ఆయన తోట కొంటానంటే వద్దని మొండికెయ్యకండి. ముందు ఈసీ, అడంగలు, 22-ఎ జాబితా మీరే చదవండి, అర్థం కాకపోతే తెలిసిన వకీలుని మీరే అడగండి. బావిలో నీళ్ళు ఎండాకాలంలో వెళ్ళి చూడండి, వానాకాలంలో కాదు. గుత్తకి చేస్తున్నవాళ్ళతో, ముఖ్యంగా ఆ ఇంటి ఆడమనిషితో, మీరే మాట్లాడండి. ఆమెని ఉండనిచ్చి, కార్డుకి సంతకం పెట్టే ధైర్యం ఆయనకుంటేనే ముందుకి కదలండి. డబ్బులో మీ పాలు ఎంతో పేరులో అంత పాలు రాయించండి. వారాంతాల వంట ఎవరిదో బయానాకి ముందే తేల్చండి.

ఇన్నిటికీ ఆయన ఒప్పుకుంటే ఆ మగవాడికి తోట నిజంగానే కావాలన్నమాట. శుభం, కొనండి, నేనూ ఒక మొక్క పట్టుకొస్తాను. ఒప్పుకోకపోతే ఆయనకి కావలసింది కుర్చీ ఒక్కటే. ఒక మంచి పడక్కుర్చీ కొని మన మిద్దె మీద వేప కొమ్మ నీడపడే చోట వెయ్యండి. గాజులు మాత్రం చేతికే ఉంచుకోండి.